షుగర్ తగ్గిందని సంబరపడేలోపు

సంత్రాగాఛి జంక్షన్‌లో దక్షిణాదికి వెళ్లే బండి ఆగినప్పుడు ఎక్కే సామాన్లలో ఒకటి ప్రత్యేకంగా కనబడుతుంది. పెద్ద ప్లాస్టిక్ సంచి. అందులో ఎక్స్‌రే కవర్లు, స్కాన్ రిపోర్టులు, రబ్బర్ బ్యాండు వేసిన మందుచీటీల కట్ట. పెట్టెలు బెర్తు కిందకు తోసేస్తారు గానీ ఆ సంచిని మాత్రం తల దగ్గరే పెట్టుకుని పడుకుంటారు. వైద్యం కోసం బెంగాల్ నుంచి వెల్లూరుకో, చెన్నైకో, హైదరాబాదుకో వెళ్లేవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఈ దారే పడుతున్నారు.

హౌరా పక్కనున్న సంత్రాగాఛి తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్లు ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకూ, హుగ్లీ ఒడ్డున జూట్ మిల్లులకూ వలస వస్తూనే ఉన్నారు. 2003లో తూర్పు కోస్తా రైల్వే వేరుపడేదాకా వాల్తేరు డివిజన్ కూడా ఆగ్నేయ రైల్వేలోదే. గార్డెన్‌రీచ్ హెడ్డాఫీసు పరిధిలో బదిలీ అయితే మూటాముల్లె సర్దుకుని ఇటు రావడమే. రిటైరయ్యాక కొందరు సొంతూరికి వెళ్లిపోతారు, కొందరు పిల్లల ఉద్యోగాల కోసం ఇక్కడే ఉండిపోతారు. ఎక్కడ ఉన్నా, నలుగురు కలిసినప్పుడు వచ్చే ప్రస్తావనల్లో షుగర్ ఒకటి.

ఈ కబుర్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది. పదిహేనేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్న పెద్దాయన ఒకరోజు సంతోషంగా చెబుతాడు: "సుగరు నెమ్మదించీసింది బావా. మాత్తర్లు కూడా మానీసినాను." నిజంగానే ఆయన రీడింగులు తగ్గాయి. ఇదివరకు వాడిన మోతాదే వాడితే కళ్లు తిరుగుతున్నాయి, చెమటలు పడుతున్నాయి. పథ్యం పనిచేసిందని ఇంట్లోవాళ్లు, పసరు పనిచేసిందని పక్కింటివాళ్లు అంటారు. డాక్టరు మాత్రం ఈ మాట వినగానే ముందు కాళ్ల వైపు చూస్తాడు, చీలమండ దగ్గర వేలితో నొక్కి గుంట పడుతుందేమో గమనిస్తాడు.

ఎందుకంటే ఒంట్లో ఇన్సులిన్‌ను విచ్ఛిన్నం చేసి బయటకు పంపే పనిలో మూత్రపిండాలది పెద్ద వాటా. అవి చతికిలబడితే ఇన్సులిన్ రక్తంలో ఎక్కువసేపు నిలిచిపోతుంది. గ్లైబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలూ త్వరగా బయటకు పోవు. ఖాళీ కడుపున గ్లూకోజు తయారుచేసే పనిలో కిడ్నీలకూ భాగం ఉంది, అదీ తగ్గుతుంది. వీటన్నిటి వల్లా షుగర్ అంకె దిగుతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను నమ్ముకుందామా అంటే, కిడ్నీ జబ్బుతో వచ్చే రక్తహీనత వల్ల అదీ ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. పెద్దాయన సంబరపడుతున్న ఆ అంకె నిజానికి చాలా ఆలస్యంగా మోగిన గంట.

తెలుగు పత్రికలో కిడ్నీ అన్న మాట కనబడగానే చదువరికి ఉద్దానం గుర్తొస్తుంది. సంత్రాగాఛి నుంచి వెళ్లే ఈ రైలు మార్గం మీదే ఉద్దానం ఊళ్లు ఇచ్ఛాపురం, సోంపేట, పలాస ఉన్నాయి. ఉద్యానవనం అన్న మాట నుంచే ఉద్దానం పేరు పుట్టిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమ అది. 1990ల నుంచి అక్కడి రైతులు, కూలీలు నడివయసులోనే కిడ్నీలు పాడై పడిపోతున్నారు. నీరు, నేల, పురుగుమందులు, ఎండలో ఒళ్లు హూనమయ్యే పని... పరిశోధకులు అన్నిటినీ అనుమానించారు గానీ ఇదీ కారణమని ఒక్కదాన్నీ ఇంతవరకు తేల్చలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. ఆందోళనలు, వార్తలు, యాత్రలు, ఎన్నికల హామీల తర్వాత 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం వచ్చింది. 2023 డిసెంబర్ 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి మొదలయ్యాయి.

ఉద్దానానికి ఆ మాత్రం దృష్టి న్యాయంగా దక్కాల్సిందే. కాకపోతే దాని నీడలో పెద్ద లెక్క ఒకటి మరుగున పడింది. దేశమంతటి నుంచి 52 వేల పైచిలుకు కిడ్నీ రోగుల వివరాలు కూర్చిన రిజిస్ట్రీ 2012లో ఫలితాలు ప్రచురించింది. అందులో కారణం తెలియని జబ్బు 16 శాతం. అధిక రక్తపోటు 13 శాతం. మధుమేహం 31 శాతం. ఉద్దానం జబ్బుకు కారణం తెలియదు, అందుకే అంత చర్చ. షుగర్‌తో వచ్చే జబ్బుకు కారణం తెలుసు, అది నడిచే దారి తెలుసు, ఆపే మందులూ ఉన్నాయి. అయినా ఎక్కువమందిని ఆస్పత్రి మంచం మీదకు తెస్తున్నది ఇదే. వింతంటే ఇదీ.

ఈ రెండు జబ్బుల తీరూ వేరు. ఉద్దానంలో దెబ్బ ప్రధానంగా కిడ్నీలోని సన్నని గొట్టాల మీద, వాటి మధ్య కణజాలం మీద పడుతుంది. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, బీపీ కూడా మొదట్లో అంతగా పెరగదు. షుగర్ దెబ్బ పడేది రక్తాన్ని వడగట్టే జల్లెడ మీదే.

ఒక్కో కిడ్నీ గుప్పెడంత ఉంటుంది, సుమారు 150 గ్రాములు. దానిలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు, ఒక్కో నెఫ్రాన్ మొదట్లో వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాల కుచ్చు ఒకటి. పైన చెప్పిన జల్లెడ ఇదే, దీన్నే గ్లోమెరులస్ అంటారు. గుండె పంపే రక్తంలో అయిదో వంతు కిడ్నీలకే వెళుతుంది. రోజుకు 180 లీటర్ల ద్రవం ఈ కుచ్చుల్లోంచి వడకట్టుకుని దిగుతుంది. అందులో లీటరున్నరో రెండు లీటర్లో తప్ప మిగిలినదంతా మళ్లీ రక్తంలోకే చేరుతుంది. వడపోతలో దిగిన చక్కెరను కూడా గొట్టాలు పారేయవు, వెనక్కి తోడి రక్తంలో కలిపేస్తాయి. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే వాటి చేతనవదు, మిగిలింది మూత్రంలో పోతుంది. మధుమేహం అన్న పేరులో ఉన్నది ఈ తీపే. మూత్రానికి చీమలు పట్టడం మన ప్రాచీన వైద్యులు గమనించిన లక్షణం.

అసలు చిక్కు ఈ పొదుపు గుణంలోనే ఉంది. రక్తంలో చక్కెర ఎక్కువైన కొద్దీ గొట్టాలు దానితో పాటు ఉప్పును కూడా ఎక్కువగా తోడుకుంటాయి. దిగువకు చేరే ఉప్పు తగ్గేసరికి, వడపోత సరిగా జరగడం లేదేమోనని కిడ్నీ పొరబడి కుచ్చులోకి రక్తం వచ్చే తూమును ఇంకా తెరుస్తుంది. మరోవైపు యాంజియోటెన్సిన్ అనే రసాయనం బయటకు వెళ్లే తూమును బిగిస్తుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. తొలి ఏళ్లలో వడపోత మామూలుకంటే ఎక్కువే జరుగుతుంది. అప్పుడు పరీక్ష చేస్తే కిడ్నీ ఎవరికన్నా భేషుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. మేనేజరు మెచ్చుకుంటున్నాడు కదా అని డబుల్ డ్యూటీలు చేస్తూ పోయే ఉద్యోగిలాగా.

అలా కొన్నేళ్లు గడిచాక జల్లెడ గోడ మందమవుతుంది. దాన్ని అంటిపెట్టుకుని ఉండే పోడోసైట్లు అనే కణాలు రాలిపోతాయి, ఒకసారి పోయినవి మళ్లీ సరిగా పుట్టవు. కుచ్చు మధ్య గట్టి పదార్థం పేరుకుంటుంది. దీన్ని 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అనే ఇద్దరు వైద్యులు చనిపోయిన మధుమేహ రోగుల కిడ్నీల్లో ముడులు ముడులుగా చూసి వర్ణించారు. గోడ పాడైన జల్లెడ రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను మూత్రంలోకి వదిలేస్తుంది. మొదట చిటికెడు, తర్వాత గుప్పెడు. చివరికి మూత్రంలో నురగ, పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి చెప్పు పట్టని పాదం.

బతికి ఉన్న మనిషిలో ఈ జబ్బును ముందే పసిగట్టే దారి దొరకడానికి దాదాపు మరో యాభై ఏళ్లు పట్టింది. మూత్రంలో మామూలు పరీక్ష పట్టీకి అందనంత స్వల్పంగా పోయే ఆల్బుమినే ముందస్తు గుర్తని 1980ల మొదట్లో లండన్‌లోనూ డెన్మార్క్‌లోనూ పరిశోధకులు నిరూపించారు. డెన్మార్క్ వైద్యుడు మోగెన్సెన్ 1984లో ప్రచురించిన వ్యాసం ఈ విషయంలో మైలురాయి. ఇవాళ ల్యాబుల్లో యూరిన్ ఏసీఆర్ అని రాసేది ఆ పరీక్షే. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉంటే ఫరవాలేదు, 30 నుంచి 300 అయితే జాగ్రత్తపడాలి, 300 దాటితే జబ్బు ముదిరినట్టే. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు ఒళ్లు అలిసిన పని ఉంటే అంకె తప్పుగా పెరగవచ్చు కాబట్టి మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ చేయించి, మూడిట్లో రెండుసార్లు ఎక్కువగా వస్తేనే ఖాయం చేస్తారు.

మన ఊళ్లలో మాత్రం కిడ్నీ పరీక్ష అంటే క్రియాటినిన్ ఒక్కటే. అది మామూలుగా ఉంటే కిడ్నీలు బాగున్నట్టు లెక్క. కానీ వడపోత సుమారు సగం తగ్గేదాకా క్రియాటినిన్ కదలకపోవచ్చు. కండ తక్కువ ఉన్న ముసలమ్మకైతే ఇంకా ఆలస్యంగా పెరుగుతుంది. ఆ అంకెకు వయసు, ఆడ మగ తేడా కలిపి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ చూడాలి. 60 లోపు ఉండి మూడు నెలలైనా అలాగే కొనసాగితే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. 15 లోపైతే ఆఖరి దశ.

షుగర్ ఒంటరిగా వచ్చే జబ్బు కూడా కాదు. బీపీ దాని తోబుట్టువు లాంటిది. మధుమేహం కిడ్నీని చెరిపితే బీపీ పెరుగుతుంది, పెరిగిన బీపీ మిగిలిన కిడ్నీని చెరుపుతుంది. ఊబకాయం, కొలెస్టరాల్, పొగ తలా ఒక చెయ్యి వేస్తాయి. కిడ్నీలో సన్నని నాళాలు చెడినవాళ్లకు కంటి రెటీనాలోనూ అదే తీరులో చెడిపోతుంటాయి. అందుకే కంటి డాక్టరు రెటీనా బాగాలేదంటే కిడ్నీ పరీక్ష వెంటనే చేయించాలి. మరో సంగతి, కిడ్నీ జబ్బు మొదలైన షుగర్ రోగుల్లో చాలామంది డయాలిసిస్ దాకా రాకుండానే గుండెపోటుతో పోతారు. వాళ్ల మరణం గుండె ఖాతాలో పడుతుంది.

నొప్పిమాత్రల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. షుగర్, బీపీ ఉన్న మనిషి వాంతులు విరేచనాలతో నీరసపడి ఉన్నప్పుడు ఇవి వేసుకుంటే ఏళ్ల తరబడి జరగాల్సిన నష్టం రోజుల్లో జరిగిపోతుంది. పాదరసం, సీసం కలిసే నాటు భస్మాలూ అంతే. తమాషా ఏమిటంటే, ఇవన్నీ నిశ్చింతగా మింగే మనిషే "షుగర్ మాత్రలు ఎక్కువ వాడితే కిడ్నీలు పోతాయట" అని మెట్‌ఫార్మిన్ మానేస్తాడు. మెట్‌ఫార్మిన్ కిడ్నీని చెరచదు. కిడ్నీ బాగా దెబ్బతిన్నాక అది ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గితే డాక్టర్లు ఆపేస్తారు. ఆపేశారు కదా అని జబ్బుకు కారణం దానికే అంటగడతారు. ఈ అపోహ వల్ల చెడిన కిడ్నీలు తక్కువేమీ ఉండవు.

మందుల కథ పాము విషంతో మొదలవుతుంది. బ్రెజిల్‌లోని ఒక రకం రక్తపింజరి విషంలోని పదార్థాల ఆధారంగా 1970ల్లో క్యాప్టోప్రిల్ తయారైంది. కిడ్నీ కుచ్చులో యాంజియోటెన్సిన్ బిగించిన ఆ బయటి తూమును వదులు చేయగలిగిన మాత్రల్లో మొదటిది అదే. 1993లో 409 మంది టైప్-1 రోగుల మీద జరిగిన పరీక్షలో డయాలిసిస్, మార్పిడి, మరణం ఈ మూడూ కలిపి సగానికి తగ్గాయి. 2001లో లోసార్టాన్, ఇర్బెసార్టాన్ టైప్-2 రోగుల్లోనూ పనిచేస్తాయని తేలింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు చెప్పుకోదగ్గ కొత్త మందు రాలేదు.

తర్వాతి మలుపు ఆపిల్ చెట్టు బెరడులో దాగి ఉంది. 1835లో యూరప్ రసాయనవేత్తలు ఆ బెరడు నుంచి చేదు పదార్థం ఒకటి తీశారు, పేరు ఫ్లోరిజిన్. సింకోనా బెరడులా చేదుగా ఉంది కాబట్టి మలేరియాకు పనికొస్తుందనుకున్నారు. పనికిరాలేదు గానీ, అది తిన్న జంతువుల మూత్రంలో చక్కెర పోవడం 1886లో జర్మనీలో గమనించారు. కిడ్నీ గొట్టాలు చక్కెరను వెనక్కి తోడుకోకుండా అది అడ్డుపడుతుంది. దాన్ని పోలిన డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ మాత్రలు 2010ల్లో షుగర్ మందులుగా వచ్చాయి. 2019 నాటి పరీక్షలో కానాగ్లిఫ్లోజిన్ కిడ్నీ వైఫల్యం లాంటి ముప్పును 30 శాతం, 2020 నాటి పరీక్షలో డాపాగ్లిఫ్లోజిన్ 39 శాతం తగ్గించాయి. రెండో పరీక్షలో షుగర్ లేని కిడ్నీ రోగులకూ మేలు జరిగింది. ఆ తర్వాత ఫినరినోన్, 2024లో సెమాగ్లుటైడ్ వరుసలో చేరాయి. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో ముగిశాయి. మాత్ర 60 రూపాయల దాకా ఉన్న ఎంపాగ్లిఫ్లోజిన్ పది రూపాయల లోపు బ్రాండ్లలో కూడా దొరుకుతోంది. వీటికీ జాగ్రత్తలున్నాయి. మర్మాంగాల దగ్గర ఫంగస్ రావచ్చు. ఉపవాసం, ఆపరేషను, వాంతుల సమయంలో ఆపాల్సి ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా వేసుకునే మందులు కావివి.

రైల్వే కాలనీ మనుషులకు తెలిసిన ఉదాహరణ ఒకటి ఇక్కడ పనికొస్తుంది. లోకో పైలట్లు నిర్ణీత గడువుల్లో పీఎంఈ, అంటే మెడికల్ పరీక్షకు వెళ్లి తీరాలి. వయసు పెరిగే కొద్దీ గడువు తగ్గుతూ వస్తుంది, 55 దాటితే ఏటా. ఫిట్ సర్టిఫికెట్ లేకపోతే బండి ఎక్కనివ్వరు. పైలట్ వెనక వందల ప్రాణాలున్నాయి కాబట్టి ఆ పట్టుదల. కానీ అదే క్వార్టర్‌లో ఉండే భార్యకు రైల్వే ఆస్పత్రిలో ఉచిత వైద్యం ఉన్నా పరీక్షకు రమ్మని పిలిచే గడువేదీ లేదు. కాళ్లు వాచినప్పుడు వెళ్లడమే ఆమె పీఎంఈ.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్లు, ఆ గుమ్మం దాకా వచ్చినవాళ్లు 13.6 కోట్లు. వందేళ్ల కిందట ఇది కలకత్తా బాబుల జబ్బు. 1907లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఉష్ణదేశాల మధుమేహం మీద చర్చ పెట్టినప్పుడు కదలకుండా కూర్చుని పనిచేసే బెంగాలీ ఉద్యోగుల ప్రస్తావన వచ్చింది. ఇప్పుడది బాబుదీ, బాబు ఆఫీసు ముందు టీ కొట్టువాడిదీ కూడా. మధుమేహుల్లో పదికి ముగ్గురు నలుగురికి కిడ్నీ దెబ్బతింటుందని వైద్యుల అంచనా. లెక్కేస్తే మూడు కోట్లు దాటుతుంది.

అంతమందికి సరిపడా డయాలిసిస్ యంత్రాలు ఏ దేశమూ పెట్టలేదు. యుద్ధకాలపు నెదర్లాండ్స్‌లో విల్లెం కోల్ఫ్ అనే వైద్యుడు 1943లో సాసేజ్ తొడుగుకు వాడే సెలోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ముకు చుట్టి మొదటి యంత్రం తయారుచేశాడు. తొలి రోగుల్లో దాదాపు అందరూ చనిపోయారు. 1945లో ఒక 67 ఏళ్ల మహిళ బతికి బయటపడింది. 1960ల్లో అమెరికాలో యంత్రాలు తక్కువై ఎవరికి ఇవ్వాలో కమిటీలు తేల్చే రోజుల్లో మధుమేహులను అసలు లెక్కలోకే తీసుకునేవారు కాదు. ఇవాళ ఏ డయాలిసిస్ కేంద్రంలోనైనా కుర్చీల్లో పెద్ద వాటా వాళ్లదే.

ఆ కుర్చీలో జీవితం ఎలా ఉంటుందంటే, వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. ముంజేతి మీద ధమనిని సిరతో కలిపి కుట్టిన ఫిస్టులా ఉంటుంది. వేలు పెడితే పిల్లి గుర్రుమన్నట్టు అదురుతుంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు, దాని మీద ఒత్తిగిలి పడుకోకూడదు. నీళ్లు గ్లాసులతో కొలుచుకోవాలి. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు కాబట్టి అరటిపండు, కొబ్బరినీళ్లు బంద్. కొబ్బరి తోటల మధ్య పుట్టిన ఉద్దానం మనిషికి కొబ్బరిబొండాం నిషేధం కావడం ఎంత విషాదమో అక్కడివాళ్లకే తెలుసు. ఫాస్ఫరస్ పెరిగితే ఒళ్లంతా దురద, ఎముకలు గుల్ల. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో పరిశోధకుడు ఫిస్కేతో కలిసి లోకానికిచ్చినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ప్రభుత్వాలు ఈ దశలో చేస్తున్నది తక్కువేమీ కాదు. ఆరోగ్యశ్రీలో డయాలిసిస్ చేర్చారు. 2016లో కేంద్రం జాతీయ డయాలిసిస్ కార్యక్రమం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో డయాలిసిస్ రోగికి నెలకు 10 వేల రూపాయల పింఛను ఇస్తున్నారు. మార్పిడి శస్త్రచికిత్స దేశంలో తొలిసారి విజయవంతంగా 1971లో వెల్లూరు సీఎంసీలో జరిగింది. తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ కింద బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలు అందుతున్నాయి, అయినా ఎదురుచూసేవాళ్ల వరుస పెద్దదే. ఖర్చంతా చివర్లో, శ్రద్ధంతా చివర్లో. మొదట్లో చేయాల్సిన మూత్ర పరీక్ష మాత్రం ఎన్నో చీటీల్లో కనబడదు.

కింది జాగ్రత్త సంత్రాగాఛిలో మందుచీటీల సంచి పట్టుకున్నవాళ్లకూ వర్తిస్తుంది, సొంతూళ్లో ఆర్‌ఎంపీ దగ్గర చీటీ రాయించుకునేవాళ్లకూ వర్తిస్తుంది. టైప్-2 షుగర్ బయటపడిన రోజే ఒకసారి, ఆ తర్వాత ఏటా ఒకసారి యూరిన్ ఏసీఆర్, ఈజీఎఫ్ఆర్ చూడాలి. బీపీ 130/80 లోపు ఉంచుకోవాలి. షుగర్ ఏ కారణం లేకుండా తగ్గుతూ వస్తుంటే మాత్రలు మానేసే ముందు కిడ్నీ చూపించుకోవాలి. డాక్టరు రాయకపోతే మీరే అడగండి. ఏసీఆర్‌కు పొద్దున్నే తొలి మూత్రం చిన్న సీసాలో ఇస్తే చాలు, పరగడుపున ఉండాల్సిన పని కూడా లేదు.